పుస్తకం వెనుక ఎవరి పేరుంది?

పత్రికా కార్యాలయాల్లో సమీక్ష కోసం వచ్చే పుస్తకాలకు ఒక బల్ల ఉంటుంది. ‘సమీక్షకు రెండు ప్రతులు పంపవలెను’ అన్న ప్రకటన చూసి నలుమూలల నుంచి రచయితలు పంపే పొట్లాలన్నీ అక్కడికే చేరతాయి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, రాజకీయ వార్తల రద్దీ లేని మధ్యాహ్నాలు, ఆ పొట్లాలు విప్పి పుస్తకాలను వేరుచేసే పని అప్పుడప్పుడు నా మీద పడేది. పని తేలికే. అట్ట తిప్పి, రెండో పుటలో ప్రచురణకర్త పేరు చూడాలి. పేరున్న సంస్థ అయితే కుడివైపు. ‘ప్రచురణ: రచయిత, ప్రతులకు: రచయిత’ అని ఉండి, కింద ఇంటి చిరునామా ఉంటే ఎడమవైపు. కుడివైపు దొంతర సమీక్షకుల దగ్గరకు వెళ్లేది. ఎడమవైపుది ‘స్వీకారం’ శీర్షిక కింద ఒక్కొక్క వాక్యంగా మారి, ఆపైన అటకెక్కేది. ఆ పద్ధతి ఎందుకని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. లోపలి పుటలు చదివి వేరుచేసిన పుస్తకం ఒక్కటి కూడా నాకు జ్ఞాపకం లేదు.

ఈమధ్య డాక్టర్ అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ తొలి ముద్రణ పూర్వాపరాలు మళ్లీ చదువుతున్నప్పుడు ఆ బల్ల గుర్తుకొచ్చింది. 1936లో ఆ పుస్తకం నా చేతికి వచ్చి ఉంటే ఎటువైపు పెట్టేవాణ్ని? నిస్సందేహంగా ఎడమవైపే. అచ్చు ఖర్చు రచయితది, ప్రచురణ రచయితది. పైగా అది ఎవరూ వినని ఉపన్యాసం, ఎవరూ జరపని సభకు రాసిన అధ్యక్షోపన్యాసం. ఈ దేశంలో కులం గురించి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన రచనల్లో అంతకన్న ప్రభావశీలమైనది ఏదని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం. అయినా నా పద్ధతి ప్రకారం దానికి దక్కేది ‘స్వీకారం’ శీర్షికలో ఒక్క వాక్యం.

ఇంతకీ ఆ రెండో పుటలో ప్రచురణకర్త పేరు వేయాలన్న నియమం ఎక్కడిది? పుస్తకం బాగుందని హామీ ఇవ్వడానికి ఎవరో పెట్టిన ఆచారం కాదది. పోలీసు అవసరం కోసం పుట్టిన చట్టం. 1857 తిరుగుబాటు తరువాత, దేశభాషల్లో ఏమి అచ్చవుతున్నదో తమకు తెలియడం లేదన్న భయం బ్రిటిష్ ప్రభుత్వాన్ని పట్టుకుంది. దాని ఫలితమే 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం. ప్రతి పుస్తకం మీద ముద్రాపకుని పేరు, ముద్రించిన స్థలం, ప్రచురణకర్త పేరు, ప్రచురించిన స్థలం స్పష్టంగా ఉండాలని ఆ చట్టం శాసించింది. ప్రతులు ప్రభుత్వానికి సమర్పించాలి. ప్రతి రాష్ట్రంలో మూడు నెలలకొకసారి వాటి జాబితా ప్రకటించాలి. నేరం రుజువైతే ఎవరి ఇంటి తలుపు తట్టాలో తెలియడం దాని ప్రయోజనం.

ఆ తలుపు తట్టడం ఎలా ఉంటుందో అంతకు ఆరేళ్ల ముందే బెంగాల్ చూసింది. నీలిమందు తోటల దొరల దౌర్జన్యాల మీద దీనబంధు మిత్ర రాసిన ‘నీల్ దర్పణ్’ నాటకం 1860లో ఢాకాలో వెలువడింది. రచయిత తపాలా శాఖ ఉద్యోగి. పుస్తకం మీద ఆయన పేరు లేదు. మరుసటి ఏడు దాని ఆంగ్లానువాదాన్ని రెవరెండ్ జేమ్స్ లాంగ్ అనే క్రైస్తవ మతబోధకుడు అచ్చువేయించాడు. తోటల యజమానుల సంఘం ముందు ముద్రాపకుని మీద కేసు పెట్టింది. ప్రచురణ బాధ్యత తనదేనని లాంగ్ ఒప్పుకున్నాడు. నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. ఆ వెయ్యి రూపాయలు కాళీప్రసన్న సింహ అక్కడికక్కడే కట్టాడన్నది బెంగాలీలు ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట. రాసినవాడూ అనువదించినవాడూ బయటపడకుండా ఉండగా, ప్రచురించినవాడు జైలుకు వెళ్లాడు. ప్రచురణకర్త అన్న మాటకు అసలైన అర్థం అక్కడ కనిపిస్తుంది: ఈ అచ్చుకు పూచీ నాది అని నిలబడే మనిషి.

ఈ అర్థంలో చూస్తే పందొమ్మిదో శతాబ్దపు రచయితల్లో పేరెన్నికగన్నవారు చాలామంది తమ పుస్తకాలకు తామే పూచీపడ్డారు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1847లో, మదనమోహన తర్కాలంకార్ తో కలిసి, ఆరువందల రూపాయలు అప్పు చేసి కలకత్తాలో సంస్కృత ముద్రణాలయం పెట్టాడు. భారతచంద్రుని ‘అన్నదామంగళ్’ను పరిష్కరించి అచ్చువేసి, ఫోర్ట్ విలియం కళాశాలకు వంద ప్రతులు ఆరువందలకే అమ్మి అప్పు తీర్చాడు. వంగ శిశువులకు అక్షరాలు నేర్పిన ‘వర్ణపరిచయ్’ 1855లో వచ్చింది. ఆ పుస్తకాల ఆదాయం ఆయన వితంతు వివాహాలకూ దానాలకూ ఆధారమైంది. మన కందుకూరి వీరేశలింగం కథా దాదాపు ఇదే. 1874లో ‘వివేకవర్ధని’ ప్రారంభించి, పరాయి ముద్రణాలయాల మీద ఆధారపడితే తన మాట సాగదని గ్రహించి రాజమహేంద్రవరంలో సొంత అచ్చుకూటం పెట్టుకున్నాడు. ‘రాజశేఖర చరిత్రము’ ముందు ఆ పత్రికలోనే ధారావాహికగా వచ్చి, 1880లో పుస్తకమైంది. మరొకరి అచ్చుకూటంలోనైతే వేశ్యా వ్యవస్థ మీద, లంచగొండి అధికారుల మీద, వితంతువుల దుస్థితి మీద ఆయన రాసింది రాసినట్టు వచ్చేదా అన్నది అనుమానమే. కృతిభర్త దొరికితేనే కావ్యం లోకానికి తెలిసే కాలం నుంచి మనం వచ్చామన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కృతిభర్తను కాదనుకున్న పోతన కథను ఇన్ని శతాబ్దాలుగా చెప్పుకుంటున్న జాతి, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నవాణ్ని చూసి పెదవి విరవడం చిత్రం.

విద్యాసాగర్, వీరేశలింగం పండితులు. వారి పుస్తకాల నాణ్యతను అనుమానించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. జోతిరావు ఫూలే విషయం అలా కాదు. ఆయన రాసిన ‘తృతీయ రత్న’ నాటకాన్ని 1855లో దక్షిణ బహుమతి సంఘం తిరస్కరించింది. అందులోని బ్రాహ్మణ సభ్యుల ప్రాబల్యమే దానికి కారణమని ఫూలే తరువాత రాశాడు. 1873లో ‘గులాంగిరి’ వెలువడింది. అమెరికాలో నీగ్రోలను బానిసత్వం నుంచి విముక్తులను చేసిన సజ్జనులకు దాన్ని అంకితమిచ్చాడు. దానికి పుణె పండితులు ఇచ్చిన జవాబు ఏమిటి? విష్ణుశాస్త్రి చిప్లూణ్కర్ తన ‘నిబంధమాల’లో ఫూలే వ్యాకరణాన్ని పట్టుకున్నాడు. భాష మోటు, వాక్యం తప్పు అని వెక్కిరించాడు. చదివినవారికి తెలుసు, ఫూలే వాక్యం మోటుదే. పొలంలో మాట్లాడుకునే మరాఠీ అది. వాదం మీద చర్చ రాకుండా చేయడానికి వాక్యం మీద చర్చ ఎంత బాగా ఉపయోగపడుతుందో అప్పుడే రుజువైంది. నాణ్యత అన్న మాట ఈ దేశంలో ఎప్పుడూ అమాయకమైన మాటగా లేదు.

అయితే ఫూలేకు తలుపులు మూసినవారందరూ ప్రత్యర్థులు కారు. ‘షేత్కర్యాచా ఆసూడ్’ అంటే ‘రైతు చర్నాకోల’ 1883లో పూర్తయింది. సత్యశోధకుల పత్రిక అయిన ‘దీనబంధు’లో మొదటి రెండు అధ్యాయాలు వచ్చాయి. ఆపైన సంపాదకుడు నారాయణ మేఘాజీ లోఖండే ప్రచురణ ఆపేశాడు. లోఖండే ఫూలేకు సహచరుడు, బొంబాయి మిల్లు కార్మికుల కోసం శ్రమించినవాడు. ప్రభుత్వం మీద ఆ రచనలో ఉన్న తీవ్రత పత్రికకు ప్రమాదమనుకున్నాడు. ఫూలేకు కోపం వచ్చింది. ఆ గ్రంథం ఆయన జీవితకాలంలో పూర్తిగా వెలుగు చూడలేదు. ప్రచురణకర్త వద్దనడానికి, రచనలోని విలువకు సంబంధం లేకపోవచ్చన్న సంగతికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. 1885లో రనడే మరాఠీ గ్రంథకర్తల సభకు ఆహ్వానిస్తే ఫూలే నిరాకరిస్తూ లేఖ రాశాడు. శూద్రాతిశూద్రుల బాధలు ఎరగని గ్రంథకర్తల సభతో తమకు పొత్తు కుదరదని దాని సారాంశం.

ఇక గాంధీ. 1909 నవంబరులో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు తిరిగి వెళుతూ ఓడలో పది రోజుల్లో, కుడిచేయి నొప్పిపుడితే ఎడమచేత్తో, గుజరాతీలో ‘హింద్ స్వరాజ్’ రాశాడు. డిసెంబరులో తన సొంత పత్రిక ‘ఇండియన్ ఒపీనియన్’లోనే రెండు సంచికల్లో వేసుకున్నాడు. జనవరిలో ఫీనిక్స్ ఆశ్రమంలోని సొంత అచ్చుకూటం నుంచే పుస్తకం తెచ్చాడు. రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త ముగ్గురూ ఒక్కరే. నేటి భాషలో స్వీయ ప్రచురణకు ఇంతకన్న నిఖార్సైన నమూనా దొరకదు. బొంబాయి ప్రభుత్వం మార్చిలో నిషేధించింది. గాంధీ వెంటనే తానే ఆంగ్లంలోకి మార్చి మళ్లీ అచ్చువేశాడు. దాని నాణ్యత మీద మొదటి ప్రతికూల తీర్పు ఇచ్చినవాడు ఆయన గురువుగా భావించిన గోఖలేయే. రచన ముతకగా, తొందరపాటుగా ఉందని, భారతదేశంలో ఏడాది ఉంటే గాంధీయే దాన్ని చింపేస్తాడని 1912లో గోఖలే అభిప్రాయపడ్డట్టు మహాదేవ్ దేశాయ్ రాశాడు. చింపలేదు సరికదా, 1919 ఏప్రిల్ 6న రౌలట్ సత్యాగ్రహంలో భాగంగా బొంబాయి వీధుల్లో గాంధీ స్వయంగా నిలబడి దాన్ని అమ్మాడు. వెల నాలుగణాలు. ఎవరూ నాలుగణాలే ఇచ్చి ఊరుకోలేదని, ఒక ప్రతికి యాభై రూపాయలు పుచ్చుకున్నట్టు గుర్తని ఆత్మకథలో రాసుకున్నాడు. అరెస్టు కావాలని అమ్మితే, ఇది పునర్ముద్రణ కాబట్టి నిషేధం కిందికి రాదని ప్రభుత్వం తేల్చింది. తెలివైన ప్రభుత్వాలు అప్పుడప్పుడు ఉంటాయి.

ఈ గాంధీయే పదిహేడేళ్ల తరువాత మరొకరి స్వీయ ప్రచురణకు సమీక్షకుడయ్యాడు. ఆ కథ కొంత విపులంగా చెప్పాలి.

లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ కులనిర్మూలన కోసం హిందూ సంస్కర్తలు పెట్టుకున్న సంస్థ. 1936 వార్షిక సభకు అధ్యక్షత వహించమని 1935 డిసెంబరులో దాని కార్యదర్శి సంత్ రామ్ అంబేడ్కర్ ను కోరాడు. అంబేడ్కర్ మొదట తటపటాయించి, ఒప్పుకుని, ఉపన్యాసం రాసి, బొంబాయిలోనే అచ్చుకు ఇచ్చాడు. మండల్ వారు ప్రతి ముందుగా చూశారు. వేదశాస్త్రాల ప్రామాణ్యాన్ని కూలదోయకుండా కులం పోదన్న భాగం వారికి మింగుడుపడలేదు. కొన్ని భాగాలు తొలగించమని, లేకుంటే సభ వాయిదా తప్పదని హర్ భగవాన్ లేఖ రాశాడు. ఒక్క కామా కూడా మార్చనని అంబేడ్కర్ ఏప్రిల్ 27న జవాబిచ్చాడు. సభ జరగలేదు. అచ్చయిన ప్రతులు మిగిలాయి. అంబేడ్కర్ వాటిని మే నెలలో సొంత ఖర్చుతో పుస్తకంగా విడుదల చేశాడు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. అంబేడ్కర్ కు ప్రచురణకర్తలు దొరకని మనిషి కాదు. ‘రూపాయి సమస్య’ 1923లోనూ, ‘బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ద్రవ్యవ్యవస్థ పరిణామం’ 1925లోనూ లండన్ లోని పి.ఎస్. కింగ్ సంస్థ ప్రచురించింది. తరువాతి దశాబ్దంలో బొంబాయి థాకర్ సంస్థ ఆయన గ్రంథాలు వరుసగా వేసింది. రూపాయి గురించి రాసినప్పుడూ కులం గురించి రాసినప్పుడూ ఆ చేయి ఒకటే, ఆ పాండిత్యం ఒకటే, పాదసూచికల మీద ఆ శ్రద్ధ ఒకటే. 1936లో అడ్డుపడినది రచనలోని లోపం కాదు. పిలిచినవారు వెనక్కి తగ్గారు, అంతే.

మొదటి ముద్రణ 1,500 ప్రతులు రెండు నెలల్లో చెల్లిపోయాయి. ఏడాది తిరగకముందే గుజరాతీ, తమిళ అనువాదాలు వచ్చాయి. మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళ అనువాదాలు జరుగుతున్నాయని రెండో ముద్రణ పీఠికలో అంబేడ్కర్ పేర్కొన్నాడు. గాంధీ జులైలో ‘హరిజన్’లో రెండు విడతలుగా సమీక్షించాడు. ఆ ఉపన్యాసాన్ని ఏ సంస్కర్తా విస్మరించలేడన్నాడు. ఆహ్వానించి కాదన్న మండల్ వారిని మందలించాడు. వెల ఎనిమిదణాలు ఎక్కువని, బేడకో, కనీసం పావలాకో తగ్గించమని సలహా ఇచ్చాడు. అచ్చు ఖర్చు పెట్టుకున్నవాడు రచయితే అన్న సంగతి ఆ సలహాలో కనిపించదు. అంతకుమించి రెండు విమర్శలు చేశాడు. రచయిత ఉదహరించిన శాస్త్రవచనాలు కొన్ని ప్రామాణికమైనవి కావన్నాడు. జరగని సభ ఉపన్యాసాన్ని ప్రకటించడం వెనుక సమాజం తనను మరచిపోనివ్వకూడదన్న ఆలోచన ఉందని ధ్వనించాడు.

ఈ రెండో విమర్శ స్వీయ ప్రచురణకర్తల మీద నేటికీ వినిపించే ఆరోపణే. పేరు కోసం వేసుకున్నాడు, కీర్తి కండూతి అంటారు. అంబేడ్కర్ దానికి ఇచ్చిన జవాబు ఘాటుగానే ఉంటుంది. తన ఉద్దేశం హిందువులను ఆలోచింపజేయడమేనని, ఒకవేళ ప్రచారం కోసమే అయినా అద్దాలమేడలో ఉంటున్న మహాత్ముడు రాయి విసరడం తగదని రాశాడు. శాస్త్రవచనాల విషయంలో, తాను తీసుకున్నవి తిలక్ రచనల్లోనివని, సంస్కృతంలో తిలక్ పాండిత్యాన్ని ఎవరూ కాదనరని గుర్తుచేశాడు.

నాకు ఈ వాగ్వాదం కన్నా, దాన్ని ఆయన ఏమి చేశాడన్నది ముఖ్యంగా తోస్తుంది. 1937లో రెండో ముద్రణ వచ్చింది. మండల్ తో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు పుస్తకం మొదట్లో ఉన్నాయి. చివర గాంధీ సమీక్ష పూర్తిగా ఉంది, దాని మీద సంత్ రామ్ స్పందన ఉంది, ఆపైన అంబేడ్కర్ జవాబు ఉంది. తనను తప్పుపట్టిన వ్యాసాన్ని, కత్తిరింపు లేకుండా, తన ఖర్చుతో అచ్చువేసిన రచయిత ఆయన. సంపాదకుడు చేయవలసిన పని అది. ‘దీనికి అభ్యంతరం ఉంది, జవాబు చెప్పు’ అని అడిగే మనిషి లేనప్పుడు, ఆ అభ్యంతరాన్ని తానే పుస్తకంలోకి తెచ్చుకున్నాడు. లోటు లేదని కాదు. 1917లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వచ్చిన తన పాత వ్యాసాన్ని కూడా ఇందులో కలిపి తిరగరాయాలని ఉన్నా, తీరిక చిక్కలేదని 1944 నాటి మూడో ముద్రణలో తానే ఒప్పుకున్నాడు. వెనక నిలబడి ఆ పని చేయించే సంస్థ ఉంటే మనకు మరొక గ్రంథం దక్కేదేమో. స్వీయ ప్రచురణలో రచయిత నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు.

స్వతంత్ర భారతంలో ఆంగ్ల కవిత్వం కూడా ఇదే దారి పట్టింది. అది క్లుప్తంగా చెబితే చాలు. 1958లో పి. లాల్ కలకత్తాలో ‘రైటర్స్ వర్క్‌షాప్’ ప్రారంభించాడు. చేనేత చీర గుడ్డతో అట్టలు, చేత్తో కూర్చిన అచ్చు. కవి ముందుగా వంద ప్రతులు కొనుక్కోవాలన్నది షరతు. దీన్ని పట్టుకుని, ఇది డబ్బిచ్చి పేరు కొనుక్కునే దుకాణమని ఎద్దేవా చేసినవారు చాలామంది. విక్రమ్ సేఠ్ మొదటి కవితా సంపుటి ‘మ్యాపింగ్స్’ వెలువడింది అక్కడి నుంచే. అదే జాబితాలో మళ్లీ ఎవరూ తెరవని సంపుటాలు వందల కొద్దీ ఉన్నాయన్నదీ నిజం. బొంబాయిలో 1976లో ఆదిల్ జస్సావాలా, అరుణ్ కొలాట్కర్, అరవింద్ కృష్ణ మెహ్రోత్రా, గీవ్ పటేల్ కలిసి ‘క్లియరింగ్ హౌస్’ పెట్టుకుని తమ పుస్తకాలు తామే వేసుకున్నారు. కొలాట్కర్ ‘జెజూరి’ అలా వచ్చినదే. మరుసటి సంవత్సరం దానికి కామన్వెల్త్ కవితా బహుమతి వచ్చింది. ఆ నలుగురూ ఒకరి రాతప్రతి ఒకరు చదివే కవులు. పేరున్న సంస్థ లేదు కానీ, రెండో కన్ను ఉంది. నాణ్యతకు కావలసింది ఆ రెండో కన్నే అనుకుంటాను.

నా వృత్తికి దగ్గరి సంగతికి వస్తాను. రాజకీయాల మీద, వ్యాపార సామ్రాజ్యాల మీద పాత్రికేయులు రాసిన పుస్తకాలు గత పదేళ్లకు పైగా స్వీయ ప్రచురణ వైపు జరుగుతున్నాయి. జితేందర్ భార్గవ ఎయిర్ ఇండియా పతనం మీద రాసిన పుస్తకాన్ని బ్లూమ్స్‌బరీ ఇండియా 2013లో ప్రచురించింది. మాజీ పౌరవిమానయాన మంత్రి ప్రఫుల్ పటేల్ పరువునష్టం కేసు వేశారు. 2014 జనవరిలో సంస్థ క్షమాపణ చెప్పి ప్రతులు ఉపసంహరించుకుంది. రచయిత ఆ క్షమాపణతో ఏకీభవించక, తన పుస్తకాన్ని తానే తిరిగి పాఠకులకు అందించారు. ముందురోజు వరకూ పేరున్న సంస్థ ముద్రతో ‘నాణ్యమైన’ పుస్తకం, మరునాటికి స్వీయ ప్రచురణ అయింది. లోపల మారిన అక్షరం లేదు. అదే ఏడాది పరంజయ్ గుహా ఠాకుర్తా సహరచయితలతో కలిసి కృష్ణా-గోదావరి బేసిన్ సహజవాయువు వ్యవహారం మీద ‘గ్యాస్ వార్స్’ను సొంతంగా ప్రచురించారు. మన కోస్తా తీరపు సంపద గురించిన పుస్తకం అది. వెంటనే లీగల్ నోటీసులు వచ్చాయి. 1861లో లాంగ్ నిలబడిన చోటనే ఈ రచయితలు నిలబడ్డారు.

అయితే ఇక్కడ నా సహోదర పాత్రికేయులకు నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. ప్రచురణ సంస్థలు భయపడ్డాయన్న ఒక్క కారణాన, పుస్తకంలో ఉన్నదంతా సత్యమని నమ్మే ధోరణి మనలో పెరిగింది. రాణా అయ్యూబ్ ‘గుజరాత్ ఫైల్స్’ 2016లో స్వీయ ప్రచురణగా వచ్చింది. ప్రచురణకర్తలు ముందుకు రాలేదని ఆమె చెప్పారు. మారుపేరుతో అధికారులను కలిసి, రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలు అందులోని సరుకు. పుస్తకం విస్తృతంగా అమ్ముడుపోయింది, అనేక భాషల్లోకి వెళ్లింది. 2019 జులైలో హరేన్ పాండ్యా హత్య కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ పుస్తకాన్ని ప్రస్తావించి, అది ఊహల మీద ఆధారపడిందని, సాక్ష్యంగా దానికి విలువ లేదని వ్యాఖ్యానించింది. న్యాయస్థానపు సాక్ష్యం వేరు, పాత్రికేయ రచన వేరు. ఆ వ్యాఖ్యతో పుస్తకం కొట్టుకుపోయిందని నేననను. కానీ చదివినప్పుడు నాకు కలిగిన అసంతృప్తి వేరు. ఈ సంభాషణ ఏ సందర్భంలో జరిగింది, దీని ముందూ వెనుకా ఏముంది, ఈ మాటను మరొక ఆధారంతో సరిచూశారా అని పుట పుటకూ అడగాలనిపించింది. రాతప్రతి దశలో ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్నలవి. ఆ ప్రశ్నలు అడిగే ధైర్యం లేక తలుపు మూసుకున్న సంస్థలది ఆ లోపంలో భాగం కాదా? ప్రచురించకపోవడం వల్ల అవి కాపాడుకున్నది తమ నాణ్యతను కాదు, తమ న్యాయవాదుల ఫీజులను.

ఇటువంటి సంస్థల ముద్రకు మన ప్రభుత్వం మార్కులు కూడా వేస్తున్నది. విశ్వవిద్యాలయ అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో ఒక పట్టిక ఉంది. అంతర్జాతీయ ప్రచురణ సంస్థ వేసిన పుస్తకానికి 12 మార్కులు, జాతీయ ప్రచురణ సంస్థ వేసినదానికి 10. రచయితే ప్రచురణకర్త అయిన పుస్తకానికి ఆ పట్టికలో గడే లేదు. పుస్తకంలో ఏముందని అడిగే గడి కూడా లేదు. రూపాయి సమస్య రాసిన అంబేడ్కర్ కు 12 వస్తాయి. కుల నిర్మూలన రాసిన అంబేడ్కర్ కు ఏమీ రావు. నేను కుడివైపు, ఎడమవైపు దొంతరలు పేర్చిన బల్లకూ ఈ పట్టికకూ తేడా ఒక్కటే. నాది సోమరితనం, ఇది గెజిట్ లో అచ్చయింది. దీని పర్యవసానం చూడండి. ఉద్యోగం కోసం అధ్యాపకులు డబ్బు చెల్లించి ‘జాతీయ’, ‘అంతర్జాతీయ’ అన్న విశేషణాలు తగిలించుకున్న సంస్థల ద్వారా పుస్తకాలు వేయించుకుంటున్నారు. అదీ సొంత ఖర్చే. రెండో పుటలో మరొకరి పేరు ఉంటుంది, అంతే. పూచీ మాత్రం ఎవరిదీ కాదు.

అంబేడ్కర్ చివరి పుస్తకం కూడా ఈ కథలో భాగమే. ‘బుద్ధుడు-ఆయన ధమ్మము’ పూర్తయ్యేనాటికి ఆయన ఆరోగ్యం క్షీణించింది. 1956 సెప్టెంబరు 14న ప్రధాని నెహ్రూకు లేఖ రాశాడు. అచ్చు ఖర్చు దాదాపు ఇరవై వేలు అవుతుందని, అది తన శక్తికి మించినదని, బుద్ధ జయంతి 2,500వ సంవత్సరపు ఉత్సవాల సందర్భంగా గ్రంథాలయాలకు, ఆహ్వానిత పండితులకు పంచడానికి ప్రభుత్వం 500 ప్రతులు కొనగలదా అని అడిగాడు. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి, కేంద్రంలో న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన మనిషి, తన పుస్తకం ప్రతులు కొనమని అడుగుతున్నాడు. మన చిన్న ఊళ్ల కవులు గ్రంథాలయ సంస్థల వరండాల్లో సంచి పట్టుకుని నిలబడి అడిగినట్టే. నెహ్రూ మరునాడే మర్యాదగా జవాబిచ్చాడు. ప్రచురణల కోసం కేటాయించిన సొమ్ము అయిపోయిందని, లేఖను ఉత్సవ సంఘం అధ్యక్షుడైన రాధాకృష్ణన్ కు పంపుతున్నానని, ఉత్సవాలప్పుడు ఢిల్లీలో పుస్తకాన్ని అమ్మకానికి పెట్టవచ్చునని. ప్రభుత్వం కొనలేదు.

డిసెంబరు 5 రాత్రి అంబేడ్కర్ ఆ పుస్తకపు ముందుమాట సరిచూసుకుంటూ కూర్చున్నాడు. 6వ తేదీ తెల్లవారేసరికి ఆయన లేడు. తాను స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున, సిద్ధార్థ కళాశాల పేరు మీద, పుస్తకం 1957లో వెలువడింది. ఆయన రాసుకున్న ఆ ముందుమాట మాత్రం అందులో లేదు.